అరువు బాణీ, ఇంటి పలుకు

యుద్ధానంతర జపానులో పాశ్చాత్యుల జనప్రియ గీతాలను అక్కడి గాయకులు తిరిగి పాడిన తీరును గురించి వ్రాసేవారు సాధారణంగా ‘అనుకరణ’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. గాత్రం మాత్రమే విన్నవారి తీర్పు అది. రచనను పరిశీలించినవారు అంత త్వరపడలేరు.

1952 జనవరిలో పదిహేనేండ్ల ఎరి చియెమి మొదటి గ్రామఫోను రికార్డు వెలువడినది. అమెరికా సైన్యాల ఆక్రమణ ఇంకా ముగియలేదు. అది తొలగినది ఆ యేడు ఏప్రిలులో. సైనిక శిబిరాలలో పాడుతూ పైకి వచ్చిన ఆ బాలిక రికార్డుకెక్కించిన పాట, 1950లో పాటీ పేజ్ పాడగా అమెరికా అంతటా మ్రోగిన ‘టెన్నెసీ వాల్ట్జ్’. మూలంలో ఒక కథ ఉన్నది. నాట్యవేళ తన ప్రియుని స్నేహితురాలికి పరిచయం చేసిన పడుచు, ఆ నాట్యంలోనే అతనిని పోగొట్టుకొంటుంది. ఎరి ఆ కథను ఇంగ్లీషులోనే పాడినది. జపనీసు భాగంలో స్నేహితురాలు లేదు, ద్రోహమూ లేదు. గతాన్ని తలచుకొనే వేదన మాత్రమే ఉన్నది. అంతకన్న గమనింపదగినది ఆ భాగపు భాష. అందులోని క్రియారూపాలు కొన్ని వాడుకలోనివి కావు, ప్రాచీన కావ్యభాషలోనివి. వచనంలో వ్యావహారికం మెయిజీ యుగంలోనే నిలదొక్కుకొన్నా, పాటలో గ్రాంథికానికి పీట ఇంకా తీయలేదన్నమాట. గిడుగువారి పోరాటం ఎరిగిన మనకు ఇది వింత కాదు. సంఘటన పరభాషలో, శోకం పాతభాషలో! పాట మధురమే. కాని ఆ పిల్ల ఇంట మాట్లాడుకొనే పలుకు అందులో ఎక్కడున్నది?

పదేండ్లకు ఆ పలుకు దొరికినది. దొరకబుచ్చినవారిలో ముఖ్యుడు సజనామి కెంజి. ఇది కలంపేరు, అసలు పేరు కుసానో షోఇచి (1931–2005), ‘మ్యూజిక్ లైఫ్’ పత్రికా సంపాదకుడు. కోనీ ఫ్రాన్సిస్ పాడిన ‘వెకేషన్’ను ఆయన జపనీసు చేయగా 1962లో హిరోతా మియెకో పాడినది. ఆమెకూ అప్పటికి పదిహేనేండ్లే. అనువాదకుని ఇబ్బంది చూడండి. జపనీసు మాత్రల లెక్క మీద నడిచే భాష. పదం చివరి నకారానికి సైతం ఒక మాత్ర దక్కుతుంది. ఇంగ్లీషులో మూడక్షరాలైన ‘వెకేషన్’ అక్కడ ఐదు మాత్రలకు సాగుతుంది. ఆయన ఆ పదాన్ని బాణీలోకి బలవంతాన కుక్కలేదు; మూలంలో వలెనే ఇంగ్లీషు వర్ణాలను ఒక్కొక్కటిగా పలికించి ఊరకున్నాడు. మిగిలినది బడిపిల్లల వాడుక మాట. మూలంలో ఉన్నది వేసవి ఒక్కటే. ఈయన పాటలోకి చలికాలపు స్కీయింగు కూడా వచ్చి చేరినది. ఋతువును స్మరింపక సంప్రదాయ హైకూ సాగని దేశంవాని చేయి అది, తెలిసి చేసినా తెలియక చేసినా.

అయితే అనువాదకుని స్వేచ్ఛ అన్నివేళలా మెచ్చదగినది కాదు. ఎడిత్ పియాఫ్ తానే వ్రాసి పాడిన ప్రేమస్తోత్రంలో నాయిక, ప్రియుడు కోరితే దేశాన్నీ మిత్రులనూ సైతం త్యజించడానికి సిద్ధపడుతుంది. ఇవాతాని తొకికో రచించగా కోషిజి ఫుబుకి పాడిన జపనీసు పాఠంలో ఆ తెగువ లేదు. ఉన్నది ప్రశాంతమైన అనురాగం. అందుకే అది పెండ్లి విందుల పాటగా స్థిరపడినది. దేశం పేరిట అంతమంది ప్రాణాలు పోయిన తరువాత, ఆ ఒక్క మాట అక్కడ వినిపించవలసినదని నా అభిప్రాయం.

1960లో ‘గుడ్ టైమిన్’ను సజనామి మాటలతో పాడిన సకామొతో క్యూ, మరుసటి యేడు ఎయి రొకుసుకె వ్రాసిన అచ్చమైన జపనీసు పాట పాడినాడు. 1963లో అది జపనీసులోనే అమెరికాలో ప్రథమస్థానానికెక్కినది. అనువాదకుని కోసం ఎవరూ ఆగలేదు. పేరు మాత్రం మార్చినారు, ఒక మాంసపు వంటకం పేర ‘సుకియాకి’ అని. పాటలో వంట ప్రసక్తే లేదు.