జంతువుల ఫిర్యాదు – ఒక పరిశీలన

హిజ్రీ నాలుగవ శతాబ్దికి చెందిన ఇఖ్వానుస్సఫా పండితుల 22వ రిసాలాలో, ఒక ద్వీపంలోని జంతువులు జిన్నుల రాజు ఎదుట మానవులపై ఫిర్యాదు చేస్తాయి. దీనిని మౌల్వీ ఇక్రామ్ అలీ 1810లో ఉర్దూలోకి తెచ్చారు. మూగజీవాల పక్షాన ఇంత బలమైన వాదన అరుదు. అయితే ఒక లోటున్నది: మనిషే తెచ్చి వదిలిన జంతువు అక్కడి ప్రాణులకు కీడైతే న్యాయమేమిటన్నది అందులో విచారణకు రాదు.

మహానందిని ఆనుకొని ఉన్న నల్లమలలో చుక్కల దుప్పి తన పుట్టింట ఉన్నది. పులి, చిరుత దానిని అదుపులో ఉంచుతాయి. అదే దుప్పిని ఆంగ్లేయులు 20వ శతాబ్ది ఆరంభంలో అండమాను దీవులకు చేర్చారు. అక్కడ పులీ లేదు, చిరుతా లేదు. దుప్పులు లేతమొక్కలను మేసి అడవిని తిరిగి ఎదగనీయడం లేదని శాస్త్రజ్ఞుల పరిశీలన.

అలాగని వెంటనే తుపాకీ పట్టవచ్చునా? ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ ద్వీపంలో 2000 నాటికి పిల్లులను నిర్మూలించగా కుందేళ్లు ప్రబలి పచ్చదనాన్ని హరించాయి. వాటి పీడ తొలగినట్లు 2014లో గాని ప్రకటించలేకపోయారు.

రిసాలాలో చివరకు మనిషిని గెలిపించినది అతని బలం కాదు, పరలోక వాగ్దానం. ఆ వాగ్దానం వెంట లెక్క కూడా ఉన్నది. దుప్పి సముద్రం ఈదిపోలేదు, నేరం మనది. చంపక తప్పదని, చంపితే అడవి నిలుస్తుందని రుజువు చేయవలసిన భారమూ మనదే.