ఇచ్చుకున్న మరణం, పుచ్చుకున్న మరణం: ‘బఫీ’ నూరవ ఎపిసోడుపై విమర్శకుల తీర్పు – ఒక దైవశాస్త్ర పరిశీలన

ఉపోద్ఘాతం

క్రీస్తు మరణాన్ని పోలిన కథ ఎక్కడ కనబడినా దానిని ప్రసంగంలో ఉదాహరణగా వాడుకొనుట బోధకులకు అలవాటు. పోలిక దొరికిన వెంటనే పరిశీలన ఆగిపోవుట కూడ అంతే అలవాటు. అమెరికా టెలివిజన్ ధారావాహిక ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ విషయంలో జరిగినది ఇదే. 1997 మార్చిలో మొదలై 2003 మేలో ముగిసిన ఈ ధారావాహికలో మొత్తం 144 ఎపిసోడులున్నవి. 2001 మే 22న ప్రసారమైన నూరవ ఎపిసోడు ‘ద గిఫ్ట్’ను దాని సృష్టికర్త జాస్ వీడన్ స్వయంగా రచించి దర్శకత్వం వహించాడు. అది ఐదవ సీజనుకు ముగింపు, ‘ద డబ్ల్యూబీ’ ఛానెల్‌లో ఈ ధారావాహికకు చివరి ప్రసారం కూడ. దానిని విమర్శకులు ఏ విధంగా చదివారో, ఆ చదువులలో ఏది నిలుస్తుందో, మన సంఘాలకు దానివలన కలుగు హెచ్చరిక ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

కథా సారాంశం

బఫీ రక్తపిశాచులను సంహరించుటకు ఎన్నుకోబడిన యువతి. ఆమె చెల్లెలు డాన్ నిజానికి ఒక ‘తాళపుచెవి’. లోకాల మధ్యనున్న ద్వారాన్ని తెరువగల శక్తిని సన్యాసులు కొందరు మానవ రూపంలోనికి మార్చి, బఫీ రక్తంలోనుండి ఆమెకు చెల్లెలిగా చేసి, కాపాడుమని ఆమె ఇంట ఉంచారు. నరకలోకంనుండి వెళ్లగొట్టబడిన గ్లోరీ అను దేవత తన లోకానికి తిరిగి పోవుటకు డాన్ రక్తాన్ని చిందింపజూస్తుంది. రక్తం కారినంతసేపు ద్వారం తెరచి ఉంటుంది, ఆ ప్రాణం పోయిన తరువాతనే మూసుకుంటుంది. బఫీ గురువు జైల్స్ దీనికి లెక్క చెప్పాడు: లోకమంతయు నశించుటకంటె ఆ పిల్ల ఒక్కతె చనిపోవుట మేలు. బఫీ ఒప్పుకొనలేదు. చివరకు గోపురం మీద డాన్ రక్తం చిందింది, ద్వారం తెరచుకొన్నది. తమ ఇద్దరి రక్తం ఒక్కటేనని గ్రహించిన బఫీ, చెల్లెలికి బదులుగా తానే ఆ ద్వారంలోనికి దూకి మరణించింది.

విమర్శకుల మూడు చదువులు

మొదటిది క్రీస్తు పోలికను చూచిన చదువు. రక్తం, ప్రతినిధిత్వ మరణం, చేతులు చాచి దూకిన ఆకారం, తరువాతి సీజనులో సమాధినుండి లేచుట – ఇవన్నియు కలిసి చాలమందికి బఫీని క్రీస్తుకు ఛాయగా చూపినవి. జానా రీస్ 2004లో ప్రచురించిన గ్రంథం బఫీని ఆత్మీయ జీవితానికి మార్గదర్శిగానే పరిచయం చేసి, స్వార్థత్యాగాన్ని అందులో ముఖ్య పాఠంగా ఎంచినది. క్రొత్త నిబంధన పండితుడైన గ్రెగరీ స్టీవెన్సన్ 2003 నాటి తన గ్రంథంలో, ఒక ధారావాహిక నైతికతను అందులోని అభ్యంతరకర దృశ్యాలను లెక్కించి కాక కథ మొత్తం నడకనుబట్టి తీర్పు తీర్చవలెనని వాదించాడు.

రెండవది దీనికి ఎదురైన చదువు. వీడన్ తాను నాస్తికుడనని బహిరంగంగా చెప్పుకొన్నవాడు. ఈ కథలో సిలువ గుర్తు పిశాచులను కాలుస్తుంది గాని, సిలువ వేయబడినవాడు ఎక్కడను కనబడడు. 2002లో ప్రసారమైన ఒక ఎపిసోడులో దేవుడున్నాడా అని అడిగినప్పుడు, ఖచ్చితమైన సంగతి ఏమియు తెలియదన్నట్లు బఫీ జవాబిస్తుంది. రోండా విల్కాక్స్, డేవిడ్ లావరీ 2002లో సంకలనపరచిన ‘ఫైటింగ్ ద ఫోర్సెస్’లో గ్రెగరీ ఎరిక్సన్ వ్యాసం అమెరికా క్రైస్తవ్యానికి, ఈ కథకు మధ్యనున్న తేలని సంబంధాన్ని చర్చించింది. కథలో మంత్రవిద్య స్నేహితుల సాధనంగా చూపబడుట ద్వితీయోపదేశకాండము 18:10-12ను ఎరిగిన విశ్వాసులకు అభ్యంతరంగానే ఉంటుంది. ఆ అభ్యంతరాన్ని మేము తేలికగా తీసివేయము.

మూడవది స్త్రీవాద దైవశాస్త్రంనుండి వచ్చు ప్రశ్న. ‘ద గిఫ్ట్’ ప్రసారమైన 2001లోనే రీటా నకషిమ బ్రాక్, రెబెకా ఆన్ పార్కర్ కలిసి వ్రాసిన ‘ప్రావర్బ్స్ ఆఫ్ యాషెస్’ వెలువడింది. బాధ రక్షణ కలిగిస్తుందను బోధ, హింసను భరించుచున్న స్త్రీలను ఆ హింసలోనే ఉంచుటకు వాడబడుతున్నదని వారి ఆరోపణ. ఆ గ్రంథం ఈ ధారావాహికను గూర్చినది కాదు. అయినను ఇరవై యేండ్లు నిండీ నిండని యువతి మరణాన్ని ‘బహుమానం’ అని పిలిచిన ఎపిసోడును ఆ ప్రశ్న తప్పక తాకుతుంది.

మా పరిశీలన

ఈ మూడింటిలోను కొంత సత్యమున్నది. అయితే మొదటి చదువు బఫీ దూకిన క్షణాన్నే చూచి, దానికి ముందు జరిగిన రెండు సంగతులను దాటిపోయినదని మా అభిప్రాయం.

మొదటి సంగతి జైల్స్ చెప్పిన లెక్క. ఆ మాట సువార్త పాఠకులకు క్రొత్తది కాదు. యోహాను 11:50లో ప్రధానయాజకుడైన కయప మహాసభలో చెప్పిన తర్కం అదే. జైల్స్ దుర్మార్గుడు కాడు, బఫీని తండ్రివలె ప్రేమించినవాడు. అయినను అతని నోట వచ్చినది కయప లెక్కయే. మంచివారే, భయంచేత, లోకహితం పేరట ఈ లెక్క వేస్తారు. సమాజం తన శాంతిని ఒక బలిపశువు మీద నిలుపుకొనునని రెనే జిరార్ చూపిన విషయం ఇక్కడ గుర్తుకు రాక మానదు. బఫీ చేసిన మొదటి గొప్ప కార్యం చనిపోవుట కాదు, ఆ లెక్కను నిరాకరించుట. ఇతరుల ప్రాణాన్ని తీసి లోకాన్ని కాపాడుట వేరు, తన ప్రాణాన్ని తానే పెట్టుట వేరు. యోహాను 10:18లో ప్రభువు చెప్పిన మాటకు ఆధారం ఈ భేదమే.

రెండవ సంగతి బెన్ మరణం. గ్లోరీ ఒక యువకుని శరీరంలో బంధింపబడి ఉన్నది. ఆమె ఓడిపోయినప్పుడు ఆ యువకుడైన బెన్ మిగులుతాడు. బఫీ అతనిని చంపక విడిచిపెడుతుంది. ఆమె వెళ్లిన తరువాత జైల్స్ వచ్చి, గ్లోరీ మరల రాకుండునట్లు, బఫీ వీరురాలు గనుక ఈ పని చేయదని చెప్పి, తన చేతితో అతని ఊపిరి ఆపుతాడు. కాబట్టి ఆ రాత్రి కలిగిన భద్రత రెండు మరణాలమీద నిలిచినది: ఒకటి ఇచ్చుకున్నది, మరియొకటి పుచ్చుకున్నది. బఫీలో క్రీస్తును చూచినవారు ఈ రెండవ శవాన్ని ఎందుకు లెక్కపెట్టలేదు? కథ దానిని దాచలేదు. ఒక్కరి త్యాగంతో సమస్తం చాలినదని చెప్పుటకు ఈ కథ సాహసించలేదు. హెబ్రీ పత్రిక ‘ఒక్కసారియే’ అను మాటను నొక్కి చెప్పుట ఎంత భిన్నమైనదో ఇక్కడ తెలుస్తుంది.

ప్రాయశ్చిత్త సిద్ధాంతాల వెలుగులో చూచినను పోలిక కొంతవరకే నడుస్తుంది. విమోచన క్రయధనం దుష్టునికి చెల్లింపబడినదను తలంపును నజియాంజస్ గ్రెగోరి నాలుగవ శతాబ్దంలోనే తిరస్కరించాడు. బఫీ రక్తం గ్లోరీకి గాని దేవునికి గాని చెల్లలేదు, ఒక తలుపును మాత్రం మూసినది. ఇది ఆన్‌సెల్మ్ చెప్పిన తృప్తిపరచుటకంటె గుస్తాఫ్ ఆలెన్ వివరించిన విజయ సిద్ధాంతానికి దగ్గర. అయినను అక్కడ పనిచేసినది వ్యక్తి సంకల్పం కాదు, గుడ్డి నియమం. పైగా బఫీ తన సొంత చెల్లెలి కొరకు మరణించింది. రోమా 5:8-10 ప్రకారం క్రీస్తు మరణించినది పాపుల కొరకు, శత్రువుల కొరకు.

పునరుత్థానం విషయంలో దూరం ఇంకా ఎక్కువ. 2001 అక్టోబరులో ధారావాహిక ‘యూపీఎన్’ ఛానెల్‌లో తిరిగి ప్రారంభమైనప్పుడు, ఆమె ఏదో నరకలోకంలో చిక్కుకొన్నదని తలంచిన స్నేహితులు మంత్రంతో ఆమెను లేపారు. ఆమె మాత్రం తాను సమాధానంతో, పరలోకమనదగిన స్థలంలో ఉంటినని తరువాత బయటపెట్టింది. ఈ లేచుట 1 కొరింథీ 15లోని జయం కాదు, ప్రయాసలోనికి తిరిగి లాగబడుట. మే నెలలో ముగింపుగా కనబడిన ఎపిసోడును అప్పుడు మరల చదువవలసి వచ్చింది. అంతేకాదు, ఈ లెక్కలే లోకమైతే అందులో ఎట్లు బ్రతుకవలెనో తనకు తెలియదని ‘ద గిఫ్ట్’లోనే బఫీ జైల్స్‌తో అంటుంది. తల్లిని అదే సీజనులో పోగొట్టుకొని అలసిన ఆ మనస్సును గమనించక, ఆ దూకుటను మచ్చలేని త్యాగంగా యువజనులకు చూపుట కాపరి చేయదగిన పని కాదు.

సంఘానికి హెచ్చరిక

మూడవ చదువు వేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవలెను. మన సంఘాలలో భర్త చేతి దెబ్బలు తినుచున్న స్త్రీకి ‘నీ సిలువ నీవు మోసుకో అమ్మా’ అని చెప్పి పంపివేయుట మనమెరుగని సంగతి కాదు. గృహహింసనుండి మహిళలకు రక్షణ కల్పించు చట్టం 2005లో వచ్చినను ఆ సలహా ఆగలేదు. ఇంటి పరువు, సంఘం పేరు, పిల్లల భవిష్యత్తు – లోకహితానికి మనం పెట్టుకొన్న పేర్లివి. ఇది సిలువ బోధ కాదు, కయప లెక్క. సిలువను ఎత్తుకొనుమని పిలుచు అధికారం ప్రభువుది. ఒకరి భుజంమీద దానిని మోపి, మన నెమ్మదిని కాపాడుకొను అధికారం మనకెవరు ఇచ్చారు?

ఈ సందర్భంలో విమర్శకుల దృష్టి అంతగా నిలువని పాత్ర డాన్. గోపురం మీద ఆ చిన్నది తానే దూకుటకు సిద్ధపడింది. ఆమె స్వచ్ఛందంగానే ఒప్పుకొన్నది కదా అని ఎవరైనా అనవచ్చును. అయితే నీవు చనిపోతేనే లోకం బ్రతుకుతుందని చెవినిబడిన పిల్ల ఒప్పుకోలు స్వేచ్ఛగలది కాదు. బఫీ దానిని అంగీకరించలేదు, ఆమెను ఆపింది. ‘ఆమె భరించుటకు ఒప్పుకొన్నది’ అని చెప్పి చేతులు దులుపుకొను కాపరులు ఈ దృశ్యాన్ని ఒకసారి చూడవలెను.

ముగింపు

వీడన్ తన అధికారాన్ని దుర్వినియోగం చేశాడని ఈ ధారావాహికలో నటించిన కరిష్మా కార్పెంటర్ 2021లో బహిరంగంగా ఆరోపించింది. బలహీనుల పక్షాన నిలిచినట్లు కనబడిన కథను చెప్పినవానిమీదనే ఆ మాట వచ్చుట, త్యాగాన్ని గూర్చి బోధించు మనకందరికిని హెచ్చరికయే. కథలోని సత్యం కథకుని నీతిమంతుని చేయదు, ప్రసంగంలోని సత్యం ప్రసంగికుని చేయనట్లే.

‘ద గిఫ్ట్’ సువార్త కాదు. సువార్తను వక్రంగా వినిపించినప్పుడు ఆ వక్రతను చూపించగల అద్దం మాత్రం కాగలదు. బఫీ తన చెల్లెలికి ఇచ్చిన చివరి ఆజ్ఞ చావుమని కాదు. ఈ లోకంలో బ్రతుకుటయే అన్నిటికంటె కష్టమని, తన కొరకు బ్రతుకుమని ఆమె చెప్పి పంపింది. మన బోధ విని ఇంటికి పోవు సహోదరి చెవిలో ఏ ఆజ్ఞ మిగులుచున్నదో బోధకులమైన మనం పరీక్షించుకొనవలసియున్నది.