కథనం: ఒక మాట, మూడు వాడుకలు

"ఈ నవలలో కథ చిన్నదే, కథనం గొప్పది." "ఒక దినపత్రిక కథనం ప్రకారం..." "ఇదంతా వాళ్లు అల్లిన కథనం." ఇలాంటి వాక్యాలు మీరు తరచుగా వింటూనే ఉంటారు. మూడింటిలోనూ ఉన్నది ఒకే మాట. అయితే మొదటి వాక్యంలో అది చెప్పే తీరు. రెండో వాక్యంలో చెప్పిన వార్త. మూడో వాక్యంలో ఎదుటివారి మీద మోపిన అభియోగం. ఇంగ్లీషు నుంచి వచ్చిన 'నేరేటివ్' అనే మాటను నేడు ఎక్కువగా ఈ మూడో అర్థంలోనే వాడుతున్నారు. ఈ అర్థాలను విడదీసి చూడటం సాహిత్య విద్యార్థికి ఎందుకు అవసరమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కథ, కథనం

సంస్కృతంలో 'కథ్' ధాతువుకు చెప్పడం అని అర్థం. కథనం అంటే చెప్పే పని. జరిగిన సంఘటనల వరుస కథ. ఆ సంఘటనలను ఎవరు, ఎవరికి, ఏ క్రమంలో, ఎంత వివరంగా చెప్పారన్నది కథనం. ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా విభజించాడు. జరిగిన కథ ఒకటి, మన చేతిలో ఉన్న పాఠం ఒకటి, దాన్ని చెప్పే చర్య మరొకటి అన్నాడు. ఈ విభజన మనకు మరీ కొత్తదేమీ కాదు. బుర్రకథ చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కథకుడు కథ నడుపుతుంటే ఒక వంత హాస్యం చెబుతాడు, మరో వంత వర్తమాన రాజకీయం చెబుతాడు. కథ ఒకటే అయినా దాన్ని మన ముందుకు తెచ్చే గొంతులు మూడు.

భారత యుద్ధకథనాన్ని గమనించండి. పది రోజుల యుద్ధం ముగిశాక సంజయుడు వచ్చి, భీష్ముడు పడిపోయాడన్న వార్తను ధృతరాష్ట్రుడికి ముందుగా చెబుతాడు. ఆ తరువాతే యుద్ధాన్ని మొదటి నుంచి వివరిస్తాడు. ఫలితం ముందే తెలిసిపోవడంతో శ్రోత మనసులో 'ఏమైంది?' అన్న ప్రశ్న పోయి 'ఎలా అయింది?' అన్న ప్రశ్న మిగులుతుంది. పైగా వింటున్నది కౌరవుల తండ్రి. అందువల్ల పాండవుల ప్రతి విజయమూ అక్కడ ఒక దుఃఖవార్తగానే వినిపిస్తుంది. ఎవరు చెబుతున్నారు అన్నదానితోపాటు ఎవరికి చెబుతున్నారు అన్నది కూడా కథనంలో భాగమే.

'దిద్దుబాటు'లో కథనం

1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' మీకు తెలిసిన కథే. సంఘటనలను జరిగిన వరుసలో పెడితే కథ ఇలా ఉంటుంది: భర్తకు బుద్ధి చెప్పాలని కమలిని అనుకుంది, ఉత్తరం రాసింది, మంచం కింద దాక్కుంది, గోపాలరావు వచ్చాడు. గురజాడ ఈ వరుసలో చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన గోపాలరావుతో కథ మొదలుపెట్టాడు. కమలినికి తెలిసినదేదీ మనకు చెప్పలేదు. ఆ గదిలో గోపాలరావుకు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు.

దీనివల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి? వరుసలో చెప్పి ఉంటే మనం కమలిని పక్షాన నిలబడి అతణ్ణి చూసి నవ్వేవాళ్లం. ఇప్పుడు అతడి కంగారులో మనమూ చిక్కుకుంటాం. సంస్కరణను బయట నుంచి చూసే అవకాశం పాఠకుడికి లేకుండా పోయింది. అలాగే ఈ కథనానికి ఒక పరిమితి కూడా ఉంది. కథను నడిపించిన స్త్రీ మనసులోకి మనకు ప్రవేశం లేదు. ఉత్తరంలోనూ చివరి నవ్వులోనూ మాత్రమే ఆమె కనిపిస్తుంది. కథనం ఏది ఇచ్చిందో, దానికి బదులుగా ఏది దాచిందో రెండూ చెప్పినప్పుడే విమర్శ పూర్తవుతుంది.

చరిత్రలో కథనం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ఈ తేదీల గురించి వివాదం లేదు. కానీ 17వ తేదీని కొందరు విమోచన అంటారు, కొందరు విలీనం అంటారు, మరికొందరు సమైక్యత అంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆ రోజును విమోచన దినంగానూ, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ పాటించాయి.

ఈ తేడా పేరు దగ్గర ఆగదు. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నదే అసలు తేడా. 1946లో దొడ్డి కొమరయ్య మరణం నుంచి మొదలుపెడితే అది రైతుల పోరాటగాథ అవుతుంది. 1947 ఆగస్టు 15 నుంచి మొదలుపెడితే దేశ ఏకీకరణ కథ అవుతుంది. 17వ తేదీతో ముగిస్తే విజయగాథగా మిగులుతుంది. ఆ తరువాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీని, 1951 దాకా సాగిన సాయుధ పోరాటాన్ని కలుపుకుంటే ఆ ముగింపు అంత సులభం కాదు.

అయితే అన్ని కథనాలూ సమానమేనా? ఈ ప్రశ్న దగ్గరే విద్యార్థి జాగ్రత్తగా ఉండాలి. ప్రతి కథనంలోనూ ఎంపిక ఉంటుంది నిజమే. కానీ ఎంపిక వేరు, కల్పన వేరు. ఒక సంఘటనను ముందు చెప్పడం, తరువాత చెప్పడం ఎంపిక. జరగనిదాన్ని జరిగిందనడం, జరిగినదాన్ని జరగలేదనడం అబద్ధం. నచ్చని ప్రతి మాటనూ 'అదొక నేరేటివ్' అని కొట్టిపారేసేవారు ఈ రెండింటినీ కలిపేస్తారు. అప్పుడు సాక్ష్యం చూపాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. బాధితుడి వాంగ్మూలం, దాన్ని తోసిపుచ్చే ప్రచారం ఒకే తూకంలో నిలుస్తాయి. కథనం అన్న మాటకు విమర్శలో విలువ ఉన్నది సత్యాన్ని రద్దు చేసినందుకు కాదు, సత్యం మన దాకా ఏ దారిలో వచ్చిందో చూపించినందుకు.

అభ్యాసం

ఒకే సంఘటన మీద రెండు దినపత్రికల్లో వచ్చిన వార్తలు తీసుకోండి. ప్రతిదీ ఎక్కడ మొదలైంది? ఎవరి మాటతో ముగిసింది? ఎవరి గొంతు వినిపించలేదు? రెండింటిలోనూ మారని వాస్తవాలు ఏవి? మీ సమాధానాలు రాశాక, మీరు రాసింది కూడా ఒక కథనమే కాబట్టి, ఇవే ప్రశ్నలతో దాన్ని మరోసారి చదవండి.