మూత్రనాళ అశ్మరి లేజర్ చికిత్స: ఉపద్రవాల తెలుగు పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

1. ప్రస్తావన
కామారెడ్డి జిల్లా బాన్సువాడ తెలుగు, ఉర్దూ కలిసి వినిపించే పట్టణం. మూత్రంలో రాయి ఒకరికి ‘రాయి’, మరొకరికి ‘పథరీ’. వ్యాధికి ఇంటింటా పేరుంది. దానికి చేసే లేజర్ చికిత్సలో తలెత్తే ప్రమాదాలకు మాత్రం నిలకడైన పేర్లు లేవు. రోగి సంతకం చేసే అంగీకారపత్రం విలువను ఈ లోటు తగ్గిస్తుంది.

2. పదాలు – అస్పష్టత
ఈ చికిత్సను ‘కోత లేని ఆపరేషన్’ అంటారు. చర్మంపై కోత ఉండదన్న మేరకే అది నిజం. సన్నని దర్శిని మూత్రాశయం మీదుగా నాళంలోకి వెళ్తుంది. హోల్మియం లేజర్ రాయిని పొడి చేస్తుంది. ఆ క్రమంలో నాళానికి రంధ్రం పడవచ్చు, రాతిముక్క మూత్రపిండంలోకి వెనుదిరగవచ్చు, ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి ప్రాణాపాయం కలగవచ్చు, కొన్ని నెలలకు నాళం ఇరుకు కావచ్చు. నాళం తెగిపోవడం అరుదు, కాని అత్యంత తీవ్రం. ఇవన్నీ ‘దుష్ప్రభావాలు’ అన్న ఒక్క మాటలో ఇమిడితే వాటి మధ్య తేడా చెరిగిపోతుంది.

పాఠ్యపుస్తకాలు మూత్రం బయటికి వచ్చే దారిని ‘ప్రసేకం’ అన్నాయి. వాడుకలో అదీ ‘మూత్రనాళమే’. ‘స్టెంటు’ మరింత చిక్కు. గుండెలో వేసినది అక్కడే ఉండిపోతుంది. మూత్రనాళంలో వేసినదాన్ని గడువులోగా తీయించుకోవాలి. మరచిపోతే దానిపై లవణాలు పేరుకొని మూత్రపిండమే దెబ్బతినవచ్చు.

3. అనుమతి – అవగాహన
సుశ్రుతసంహిత అశ్మరిని శస్త్రంతో తీసేటప్పుడు గాయపడకూడని ఎనిమిది స్థానాలను విడివిడిగా పేర్కొన్నది; ఫలితం సందిగ్ధం కనుక ప్రభువు అనుమతితోనే చేయాలన్నది. అది మూత్రాశయపు రాయి సంగతి. నేటి చికిత్సకు ప్రమాణం కాదు. ప్రమాదాన్ని పేరుపెట్టి చెప్పే పద్ధతి మాత్రం గ్రాహ్యం. నేడు అనుమతి రోగిదే. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిపి పొందినదే సరైన అంగీకారమని స్పష్టం చేసింది.

4. ముగింపు
ఆయుర్వేదంలోని ‘ఉపద్రవం’ పరిశోధన వ్యాసానికి సరిపోతుంది. వాడుకలో దాని అర్థం విపత్తు కనుక రోగిని బెదరగొడుతుంది. అంగీకారపత్రానికి కావలసింది కొత్త సమాసం కాదు, ‘ఈ గొట్టాన్ని ఫలానా తేదీలోగా తీయించుకోవాలి’ వంటి పూర్తి వాక్యం. బాన్సువాడ వంటి చోట అది తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. పరిభాషా నిర్మాణం ఆ వాక్యం నుంచే మొదలుకావాలి.