అచ్చుకు ముందు పేజీ: తెలుగు పుస్తక రూపంపై ఒక విమర్శ

పుస్తక సమీక్షలు చదివే అలవాటు మీలో చాలామందికి ఉంటుంది. వాటి చివర తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: ముఖచిత్రం ఆకర్షణీయంగా ఉందని, అచ్చుతప్పులు లేకుంటే మరింత బాగుండేదని. పుస్తకం ఒక వస్తువుగా ఎలా తయారైందన్న చర్చ తెలుగు విమర్శలో దాదాపుగా ఆ వాక్యంతోనే ముగిసిపోతుంది. కథ నిర్మాణాన్ని పది పేజీల్లో విశ్లేషించే విమర్శకుడు ఆ కథ అచ్చయిన పేజీ నిర్మాణాన్ని చూడడు. పేజీ బాగా రాకపోతే ‘ప్రెస్సువాళ్లు పాడుచేశారు’ అని అనేస్తాం. చాలా సందర్భాల్లో ఇది అన్యాయమైన తీర్పు అని నా అభిప్రాయం. ఆఫ్‌సెట్ యంత్రం తనకు అందిన ప్లేటును కాగితం మీదికి ఎక్కిస్తుంది. ఆ ప్లేటు ఒక ఫైలు నుంచి వస్తుంది. దోషం ఎక్కువసార్లు ఆ ఫైలులోనే ఉంటుంది. కాబట్టి పుస్తక రూపాన్ని విమర్శించదలచిన వారు ముందుగా ఫైలు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి.

తెర మీది రంగు, కాగితం మీది రంగు

కంప్యూటరు తెర వెలుతురును వెదజల్లుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతుర్లను కలిపి అది మిగతా రంగులన్నీ చూపిస్తుంది. అచ్చుయంత్రం దగ్గర వెలుతురు ఉండదు, సిరా ఉంటుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు, నాలుగు వేర్వేరు ప్లేట్ల నుంచి, ఒకదాని మీద ఒకటి సన్నని చుక్కలుగా పడతాయి. మొదటి పద్ధతిని ఆర్‌జీబీ అని, రెండోదాన్ని సీఎంవైకే అని వ్యవహరిస్తారు. వెలుతురు చూపగలిగిన కొన్ని రంగులను సిరా అందుకోలేదు. తెర మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద కాస్త మట్టిపడుతుంది. కనకాంబరం రంగు ఇటుక రంగు వైపు జారుతుంది. స్వచ్ఛమైన నీలం వంగపండు ఛాయకు తిరుగుతుంది. ఇది ముద్రాపకుడి అశ్రద్ధ కాదు, భౌతిక పరిమితి.

ఈ విషయం డిజైనర్లకు తెలియదని కాదు. అయినా ఇవాళ ముఖచిత్రం ఆమోదం ఎలా జరుగుతోందో గమనించండి. డిజైనర్ ఒక బొమ్మను వాట్సాప్‌లో పంపుతాడు. రచయిత దాన్ని ఫోనులో, వెలుగు పూర్తిగా పెంచి చూసి ‘అద్భుతం’ అంటాడు. రచయిత ఆమోదించింది వెలుతురును, చేతికి వచ్చేది సిరాను. మధ్యలో ఒక కాగితపు ప్రూఫు తీసి చూసే అలవాటును మనం ఖర్చు పేరుతో వదిలేసుకున్నాం. వెయ్యి ప్రతులు వేసే పుస్తకానికి ఒక్క ప్రూఫు ఖర్చు ఎంత అవుతుందో లెక్కవేస్తే ఆ వాదన నిలవదు.

ఆ వాట్సాప్ బొమ్మనే అట్టగా వాడేవారూ ఉన్నారు. మంచి కాగితం మీద రంగుల బొమ్మ స్పష్టంగా రావాలంటే అచ్చయ్యే పరిమాణంలో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది స్థిరపడిన కొలత. డెమ్మీ 1/8 పుస్తకం అట్ట వెడల్పు సుమారు 5.5 అంగుళాలు. అంటే 1,650 పిక్సెళ్లు కావాలి. 1,100 పిక్సెళ్ల బొమ్మను అక్కడ పరిస్తే అంగుళానికి వచ్చేవి 200 మాత్రమే. అదే బొమ్మలో ఒక మూలనున్న ముఖాన్ని కత్తిరించి అట్టంతా నింపితే ఇంకెంత మిగులుతుందో మీరే లెక్కించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో సంఖ్యను 300కు మార్చినంత మాత్రాన లేని వివరం పుట్టుకురాదు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. లెటర్‌ప్రెస్ కాలంలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క బ్లాకు చేయించాల్సి వచ్చేది. రంగు పెరిగితే ఖర్చు పెరిగేది. అందుకే రెండు రంగుల్లోనే పని జరగాలన్న షరతు మీద చిత్రకారులు గీసేవారు. బాపు రేఖ బలం గురించి చాలామంది మాట్లాడతారు. ఆ బలానికి ఆయన ప్రతిభతో పాటు ఈ షరతుతో కూడా సంబంధం ఉందని నేను భావిస్తాను. జింకు బ్లాకు మీద ఏ గీత నిలుస్తుందో, ఏది చితికిపోతుందో తెలిసిన చేయి అది. ఇప్పుడు షరతులు పోయాయి. నాలుగు రంగులు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. దానితో అట్ట మీద సూర్యాస్తమయం, దాని మీద పావురాలు, వాటి మీద నీడలున్న అక్షరాలు, ఆ అక్షరాలకు బంగారు అంచు వచ్చి చేరాయి. చిన్న ప్రచురణకర్తలు డబ్బు లేక అట్టలు ఇలా వేస్తున్నారని కొందరు సమర్థిస్తారు. నిజానికి ఒక్క రంగులో, ఒక్క మంచి అక్షరంతో వేసిన అట్ట ఇంతకంటే చవక, ఇంతకంటే చూడముచ్చట కూడా.

థ కడుపులోని చుక్క

రంగుల సంగతి చాలామందికి కంటికి కనిపిస్తుంది. అక్షరం సంగతి అలా కాదు. అందుకే దీని మీద కాస్త ఆగుదాం.

నల్లని అక్షరాన్ని రెండు రకాలుగా అచ్చువేయవచ్చు. నల్లసిరా ఒక్కదానితో నూరు శాతం వేయడం ఒకటి. నాలుగు సిరాలనూ కలిపి నలుపు పుట్టించడం మరొకటి. ఆర్‌జీబీలో చేసిన పేజీని ఆఖరి నిమిషంలో సీఎంవైకేకు మారిస్తే అందులోని నలుపు సాధారణంగా రెండో రకం నలుపు అవుతుంది. తెర మీద తేడా తెలియదు. అచ్చులో నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి కూడా తప్పకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఏ యంత్రం మీదైనా కొద్దిపాటి జరుగుడు సహజం. అప్పుడు అక్షరం అంచున ఎర్రగానో నీలంగానో ఒక తోక కనిపిస్తుంది. పెద్ద శీర్షికలో అది చెల్లుతుంది. 11 పాయింట్ల పాఠంలో, ఒత్తులు మరీ చిన్నవిగా ఉండే మన లిపిలో, చదవడమే కష్టమవుతుంది. పాఠం నల్లసిరా ఒక్కదానితోనే ఉండాలి. రంగు నేపథ్యం మీద అది నేరుగా పైన పడాలి. దీన్ని ఓవర్‌ప్రింట్ అంటారు. ఫైలులో ఈ రెండూ సరిచూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే.

దీనికంటే నష్టకరమైనది నల్లని లేదా ముదురు రంగు నేపథ్యంలో తెల్లని అక్షరం వదలడం. సిరా కాగితం మీద పడ్డాక చుక్క కొంత వ్యాపిస్తుంది. నునుపు పూత లేని మ్యాప్‌లితో కాగితం మీద ఇంకా ఎక్కువ వ్యాపిస్తుంది. తెల్లని అక్షరం అంటే అక్కడ సిరా పడని చోటు. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకితే సన్నని గీతలు పూడిపోతాయి. ‘ధ’ను, ‘థ’ను పక్కపక్కన రాసి చూడండి. తేడా ఒక్క చుక్క. ‘కథలు’ అనే మాటను సన్నని అక్షరంలో, నాలుగు రంగుల ముదురు నేపథ్యంలో తెల్లగా వదిలితే ఆ చుక్క మాయమవుతుంది. పాఠకుడికి ‘కధలు’ అని కనిపిస్తుంది. ఇలా వచ్చిన ఒక సంపుటిని సమీక్షించిన వ్యాసంలో, రచయితకు ‘కథ’ అని రాయడం కూడా రాదన్న వ్యంగ్యాన్ని నేను చదివాను. లోపలి పేజీల్లో ప్రతిచోటా ఆ మాట సరిగ్గానే ఉంది. రచయిత చేయని తప్పుకు రచయితే మాట పడ్డాడు. పుస్తక రూపం సాహిత్య విమర్శకు సంబంధించిన విషయమే అని నేను పట్టుబట్టడానికి ఇటువంటి ఉదాహరణలే కారణం.

తెలుగు అక్షరమే చిన్న అచ్చుకు అనుకూలం కాదని కొందరు వాదిస్తారు. ఈ వాదన నాకు అంగీకారం కాదు. అనుకూలంగా లేనిది మనం ఇచ్చే చోటు. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటలో ఒక అక్షరం కింద రెండు ఒత్తులున్నాయి. ఇంగ్లీషు పేజీకి సరిపోయే వరుసల దూరాన్ని దానికి ఇస్తే కింది వరుసలోని గుడిదీర్ఘం పై వరుసలోని ఒత్తును ఢీకొంటుంది. పేజీలు తగ్గించడానికి ఆపరేటర్ చేత ఆ దూరాన్ని తగ్గించేవాళ్లు ప్రచురణకర్తలే.

సిరా మొత్తం గురించి ఒక మాట. నాలుగు సిరాలూ నూరేసి శాతం పడితే మొత్తం 400. అంత సిరాను ఏ కాగితమూ భరించదు. పూత కాగితం మీద 300 నుంచి 320 వరకు, వార్తాపత్రిక కాగితం మీద 240 దాకా పరిమితి పెట్టుకుంటారు. దాటితే సిరా ఆరదు, ఒక కాగితం రంగు పైకాగితం వీపుకు అంటుకుంటుంది. అంచు దాకా వచ్చే రంగును కత్తిరింపు గీతకు అవతల 3 మి.మీ. పొడిగించాలి. దీన్ని బ్లీడ్ అంటారు. ముఖ్యమైన అక్షరాలను గీతకు ఇవతల అంతకంటే ఎక్కువ దూరంలోనే ఉంచాలి. వీపు వెడల్పును ఊహించి పెట్టకూడదు. 240 పేజీలంటే 120 ఆకులు. ఆకు మందం 0.1 మి.మీ. అయితే వీపు 12 మి.మీ. ఈ లెక్క వేయకపోవడం వల్లనే షెల్ఫులో మన పుస్తకాల పేర్లు వీపు మీద ఉండాల్సింది పోయి, సగం ముఖం మీదికి ఎక్కి కనిపిస్తాయి.

తెలుగులా కనిపించే ఫైలు

ఇక అసలు సమస్య. చూపుకు లోపం లేని పేజీలో కూడా ఇది దాగి ఉండవచ్చు.

తెలుగు డి.టి.పి. పేజ్‌మేకర్ మీద, అను వంటి ఫాంట్ల మీద ఎదిగింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలు లాటిన్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంటికి తెలుగు కనిపిస్తుంది కాని, కంప్యూటరు దృష్టిలో అది లాటిన్ అక్షరాల, గుర్తుల వరస. కంపోజింగ్ కేసులను వదిలి తెలుగు ముద్రణ కంప్యూటరు ఎక్కడానికి ఆ ఫాంట్లు చేసిన మేలు తక్కువేమీ కాదు. దాన్ని కాదనడం కృతఘ్నత. కాని పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే ఒత్తులు, గుణింతాలు సరిగా కుదురుకుంటాయి. ఎంచుకోకపోతే విడివిడిగా పడతాయి. అలా పడటం చూసిన ఆపరేటర్ ‘యూనికోడ్ పనికిరాదు’ అని తేల్చి పాత దారికి వెళ్లిపోతాడు. సెట్టింగులోని ఒక్క ఎంపిక తెలియక ఒక భాష ప్రచురణ రంగంలో పెద్ద భాగం పాతికేళ్ల వెనుక ఆగిపోవడం విచారకరం.

పాత ఫాంట్ల మరో ఫలితాన్ని మీరు తరచూ చూసే ఉంటారు. పేజ్‌మేకర్‌లో ఇంగ్లీషు పద విభజన ఆన్‌లో ఉంటే అది ఈ వరసను ఇంగ్లీషు మాటలనుకుని విరుస్తుంది. హల్లు ఒక వరుస చివర, దాని ఒత్తు తర్వాతి వరుస మొదట పడతాయి. ప్రూఫు దిద్దేవారు దాన్ని అచ్చుతప్పుగా గుర్తిస్తారు, ఆపరేటర్ ఆ ఒక్కచోట సరిచేస్తాడు, కింద మరోచోట విరుగుతుంది.

ప్రెస్సుకు ఫైలు పంపేటప్పుడు ఫాంటు సమస్య రాకుండా అక్షరాలన్నిటినీ ‘కర్వ్స్’ చేసి, అంటే బొమ్మలుగా మార్చి, పంపడం మనవాళ్ల ఆచారం. అట్టకు అది సబబే. 300 పేజీల పాఠానికి సబబు కాదు. సన్నని గీతలు కాస్త లావెక్కుతాయి, చివరి నిమిషంలో ఒక్క అక్షరం దిద్దాలన్నా వీలుండదు. ఫాంట్లను ఫైలులోనే పొదిగి ఇచ్చే పద్ధతి ఉంది. పీడీఎఫ్/ఎక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నదే అందుకు. ఫాంట్లు పొదిగి ఉండాలని, అచ్చయ్యే రంగులు ఏవో స్పష్టంగా తెలియాలని అది షరతు పెడుతుంది.

ఇంతవరకు చెప్పినది అచ్చు నాణ్యతకు సంబంధించినది. దూరవిద్యలో చదివే మీకు మరింత దగ్గరైన విషయం మరొకటి ఉంది. మీతోపాటు ఈ కోర్సు చదువుతున్న వారిలో చూపు లేని విద్యార్థులు ఉంటారు. వారు కంప్యూటరు చేత పాఠాన్ని చదివించుకుని వింటారు. పాత ఫాంటులో ఉన్న ఫైలును ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తాయి. కర్వ్స్ చేసిన ఫైలును ఇస్తే ఏమీ వినిపించదు. మామూలు పీడీఎఫ్‌లో యూనికోడ్ ఫాంటు ఉన్నా, లోపల అక్షరాల వరస తారుమారై మాటలు చెదరడం కద్దు. కాబట్టి అచ్చుకు వెళ్లిన పీడీఎఫ్ ఒక్కటే చాలదు, దిద్దుబాట్లన్నీ చేరిన యూనికోడ్ మూలపాఠం వేరుగా ఉండాలి. పునర్ముద్రణ సమయంలో కూడా దాని అవసరం తెలుస్తుంది. పాత ఫైలు తెరవడానికి ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు, మార్పిడి పనిముట్లతో యూనికోడ్‌లోకి తెస్తే ఒత్తులు కొన్ని తప్పుతాయి, పుస్తకమంతా మళ్లీ ప్రూఫు చూడాలి. అది కూడా కుదరక పాత ప్రతిని స్కాన్ చేసి వేసిన ‘రెండో ముద్రణ’లు మన గ్రంథాలయాల్లో ఉన్నాయి. మొదటి ముద్రణలోని తప్పులన్నీ, వాటిపై పడిన మరకలతో సహా, వాటిలో భద్రంగా కనిపిస్తాయి.

రచయితకు, ప్రచురణకర్తకు మధ్య రాసుకునే ఒప్పందంలో రాయల్టీ శాతం ఉంటుంది, ప్రతుల సంఖ్య ఉంటుంది. దిద్దిన యూనికోడ్ పాఠం ఎవరి దగ్గర ఉంటుందో, రచయితకు ఎప్పుడు అందుతుందో కూడా అందులో రాయాలి. మీరు సమీక్షించే పుస్తకం గురించి ప్రచురణకర్తను ఈ ప్రశ్న అడగండి, వచ్చిన జవాబును సమీక్షలో వెల పక్కనే వేయండి.