గోరటి పాటకు మనం కలపవలసిన చరణం

ప్రజాకవిని సన్మానాలతో తూచరాదు. ఆయన పాట ప్రజల నోట పెరుగుతున్నదా లేదా అన్నదే గీటురాయి. గోరటి వెంకన్న విషయంలోనూ నేను ఇదే అడుగుతాను.

1963లో పాలమూరు జిల్లా గౌరారంలో పుట్టిన వెంకన్న తానే రాసి, తానే బాణీ కట్టి, తానే ఆడిపాడే కవి. ఆయన 'పల్లె కన్నీరు' పాట 2002లో 'కుబుసం' చిత్రం ద్వారా వందేమాతరం శ్రీనివాస్ గొంతులో ఊరూరా మోగింది. కుమ్మరి, కమ్మరి, సాలె మొదలైన చేతివృత్తుల పతనమే దాని వస్తువు. శత్రువును పేరుపెట్టి చూపలేదని ఎవరైనా ఆక్షేపించవచ్చు. నేను అంగీకరించను. అందులో ప్రతి వృత్తీ ఒక సాక్ష్యమే. పైగా ఆ ఏకరువుకు ముగింపు లేదు. ఏ ఊరైనా తన నష్టాన్ని అందులో చేర్చుకోవచ్చు. దాని శిల్పబలం అదే.

మా గుమ్మఘట్టనే చూడండి. వేదవతి మీద భైరవానితిప్ప జలాశయం ఉంది. అయినా వేరుశనగ రైతు మబ్బుకేసి చూస్తాడు, బోరు వేయించి అప్పులపాలవుతాడు, చివరికి బెంగుళూరు బస్సెక్కుతాడు. ఈ చరణం వెంకన్న రాయనక్కరలేదు, మనం రాయాలి.

2020లో ఆయన శాసనమండలి సభ్యుడయ్యారు. 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అధికారం పక్కన నిలిచిన గొంతుకు మొహమాటం ముప్పే. అంతకన్నా పెద్ద ముప్పు, రికార్డు పాటను ఒకే రూపంలో బిగించి, ప్రజలను ఉత్త శ్రోతలుగా మిగల్చడం. చరణం కలపడం మానిననాడు ప్రజల పాట కచేరీ పాటవుతుంది.