కథామధ్యవిరామము: ప్రేక్షకుల తొలి యభిప్రాయములు

కల్పితరాజ్యములు, ఖడ్గములు, శపథములు, రాజకుట్రలు గల యద్భుతవీరకథ క్రొత్తగా తెరమీదికి వచ్చినప్పుడు, తొలిదినములలో ప్రేక్షకులు పలుకు మాటలకు విమర్శశాస్త్రమున స్థానము కలదా? కృతి ముగియకమున్ను పుట్టిన మాట తీర్పు కాజాలదని పండితులు దానిని తోసివేయుదురు. ప్రదర్శనశాలలవారు తొలియాట ముగిసినంతనే వినవచ్చిన మాటనే తుదితీర్పుగా గైకొందురు. ఈ రెండు పక్షములును సమగ్రములు గావు. తొలి యభిప్రాయములన్నియు నొక్క జాతివి కావు. వానిని వేఱుపఱచిన గాని వాని విలువ తేలదు. అట్లు వేఱుపఱచుటకు, వాక్యార్థబోధకు హేతువులుగా తర్కశాస్త్రము చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును చక్కని కొలతలు.

ఇందులకు నిదర్శనము 'బాహుబలి'. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వమున, వి. విజయేంద్రప్రసాదు కూర్చిన కథతో, మాహిష్మతి యను రాజ్యము నాశ్రయించి నిర్మింపబడిన యీ చలనచిత్రము తొలిభాగము 2015 జూలై 10వ తేదిని, రెండవభాగము 2017 ఏప్రిల్ 28వ తేదిని విడుదలయ్యెను. తొలిభాగము చూచినవారు జలపాతమును, రాజధానీవైభవమును, కాలకేయులతోడి యుద్ధమును వేనోళ్ల గొనియాడిరి. కొనియాడినవారిలోనే పలువురు కథ నడుమ తెగిపోయినదని నొచ్చుకొనిరి. అవంతిక యను యోధురాలి పట్ల శివుని నడత తగినది కాదని మఱికొందఱు ఆక్షేపించిరి. వీనినెల్ల మించి యొక ప్రశ్న దేశమంతట మాఱుమ్రోగెను: నమ్మినబంటైన కట్టప్ప అమరేంద్రబాహుబలిని ఏల చంపెను?

ముందుగా ఈ ప్రశ్న విచారింపదగినది. ఇది ఆకాంక్షవలన పుట్టినది. ఆకాంక్ష కథకు దోషము కాదు, ప్రాణము. మధిర సుబ్బన్నదీక్షితులుగారి 'కాశీమజిలీకథల'లో మణిసిద్ధుని వెంట కాశికి బయలుదేఱిన గొల్లపిల్లవాడు త్రోవలో తనకు వింతగా తోచినదానిని గూర్చి యడిగినపుడెల్ల కథ చెప్పవలెనని ముందే యొడబడిక చేసికొనును. అందు ప్రశ్న ముందు, కథ వెనుక. కృత్తివెన్ను మొదలు దివిసీమ వఱకు గల తీరగ్రామముల శ్రోతలకు చిరపరిచితమైన బుర్రకథలోను ఈ మర్యాదయే కలదు. కథకుని ప్రక్క నిలిచిన వంతలు శ్రోతల మనసులోని సందేహమును తామే యడిగి కథను ముందునకు నడుపుదురు. ఇట్టి సంప్రదాయమున పెరిగిన ప్రేక్షకుడు 'ఏల' యని యడుగుట కథ తనకు పట్టినదనుటకే గుఱుతు.

అయినను ఆ ప్రశ్నకు ఉత్తరబీజము తొలిభాగమున లేకపోలేదు. కట్టప్పకు దాస్యవిముక్తి కలిగింతునని అస్లాంఖాను చెప్పినప్పుడు, తన పూర్వులు సింహాసనమునకు కట్టుబడుదుమని యిచ్చిన మాటను అతడు తెలుపును. ఆ మాట విన్నవారికి, సింహాసనము ఆజ్ఞాపించినచో కట్టప్ప తన ప్రాణప్రదుని సైతము చంపక తప్పదని యూహకందవలెను. రెండవభాగమున జరిగినది అదియే. బిజ్జలదేవ భల్లాలదేవుల కుట్రను నమ్మి శివగామి ఆజ్ఞ యిచ్చును. కట్టప్ప దానిని నెరవేర్చును. ప్రేక్షకులు 'ఏల చంపెను' అని యడిగిరి. అడుగదగినది 'ఎవరి యాజ్ఞచే చంపెను' అని. కావున ఈ ప్రశ్నను పట్టుకొని తొలిభాగమున కథ లేదనిన వారి మాట నిలువదు. ముఖసంధియందు బీజము నాటబడినది, నిర్వహణమున ఫలించినది.

కథ తెగిపోయినదను ఆక్షేపము వేఱు. ఇది సన్నిధికి సంబంధించినది. 'గోవును', 'తెమ్ము' అను పదములను జాముకొకటిగా పలికినచో వాక్యార్థము బోధపడదని తార్కికులు చెప్పుదురు. పదములయందు లోపము లేదు. వాని నడిమి యెడము లోపము. విరామమును ఆంధ్రులు ఎఱుగనివారు కారు. బుర్రకథ ఒకరాత్రి ఆగినచో మఱునాటిరాత్రి సాగును. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క', 'జ్వాలాద్వీపము' మొదలగు ధారావాహికలకు పాఠకులు నెలకొకమాఱు ఎదురుచూచిరి. ఆ యెడములు ముందే తెలిసినవి, ఓర్చుకొనదగినవి.

చలనచిత్రమున మాత్రము మర్యాద మఱియొకటి. 1951 మార్చి 15వ తేదిని విడుదలైన 'పాతాళభైరవి' కాశీమజిలీకథల ఛాయలోనిదే. దానికి రచన చేసిన పింగళి నాగేంద్రరావుగారు బందరున చిరకాలము మెలగినవారు. నాయకపాత్ర ధరించిన నందమూరి తారకరామారావుగారిది నిమ్మకూరు. గానసంగీతములు సమకూర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గుడివాడ చెంతనున్న చౌటపల్లియందు జన్మించినవారు. ఈ డెల్టాసీమవారికి ఆత్మీయమైన ఆ చిత్రమున తోటరాముని సాహసము, మాంత్రికుని వంచన, రాజకుమారి విడుదల ఒక్క ప్రదర్శనమునందే ముగియును. అట్టి యలవాటు గల ప్రేక్షకునకు 21 నెలలకు పైబడిన విరామము దుస్సహమగుట వింత కాదు. నొచ్చుకొనినవారి మాట న్యాయమే. కాని యది కథపై తీర్పు కాదు. కథను పంచిన తీరుపై తీర్పు. 2025 అక్టోబరు 31వ తేదిని రెండు భాగములను కుదించి 'బాహుబలి: ది ఎపిక్' అను పేర ఒక్కటిగా విడుదల చేసిన పిదప, ఆ యాక్షేపమునకు తావే లేకపోయినది. సన్నిధిదోషము కూర్పుతో తీరునది.

ఇక మూడవది యోగ్యతకు సంబంధించినది. నిప్పుతో తడుపుచున్నాడను వాక్యమున పదములు చేరువనే యున్నను అర్థము పొసగదు. ఎంతకాలము వేచినను, ఎన్ని పదములు చేర్చినను ఆ దోషము తీరదు. తన రాణిని విడిపింప ఆయుధము పట్టిన అవంతికను శివుడు ఎదిరించి, ఆమె వారించుచుండగనే యోధవేషము తొలగించి, కురులు విప్పి, అలంకారము చేయును. అంతతో నామె అతనిపై మరులుగొనును. దీనిని శృంగారలీలగా సమర్థించినవారు కలరు. లీలకు ఇరువురి యిచ్చయు కావలెను. ఒకరు కత్తి దూయుచుండగా రెండవవారు చేయునది లీల యనిపించుకొనదు. అంతకంటెను పెద్దలోపము కథలోనే కలదు. ఆ ఘట్టము పిదప అవంతిక పూనిన కార్యము శివుని వశమగును. యోధురాలు కథాంగముగా నిలువక జాఱిపోవును. రెండవభాగము కట్టప్ప విషయమున ఉత్తరము చెప్పినది గాని, ఈ యాక్షేపమునకు చెప్పలేదు. ఏకీకృతచిత్రమున ఆ ప్రణయఘట్టము నిడివి తగ్గించుటలో తొలగింపబడినది. తొలగించినను కథకు కొఱత కలుగకపోవుటయే తొలినాటి యాక్షేపకుల మాటకు బలము.

దూరదర్శన ధారావాహికలకును ఈ కొలతలు చెల్లును. 2011 ఏప్రిల్ 17వ తేదిని అమెరికాలో ప్రసారము మొదలిడి 2019 మే 19వ తేదిని ముగిసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తొలి సంవత్సరములలో అపారమైన మెప్పు పొందినది. తుదిభాగమున పలువురను నిరాశపఱచినది. ఆకాంక్షను రేపుటలో ఆ కథకు లోటు లేదు. రేపిన యాకాంక్షకు తగిన నిర్వహణము, ముఖ్యముగా డెనేరిస్ నగరమును దహించుట, సరిగా సిద్ధపఱచబడలేదని ప్రేక్షకుల ఫిర్యాదు. తొలిమెప్పు ఆకాంక్షకు చెందినది, తుదినింద యోగ్యతకు చెందినది. కనుక రెండును ఒండొంటిని ఖండింపవు.

కావున తొలినాటి ప్రేక్షకవాక్యమును అపరిపక్వమని త్రోయుటయు, ప్రమాణమని తలదాల్చుటయు సమానముగ దోషములు. ఆకాంక్షవలన పుట్టిన మాటకు కథ ముగియువఱకు గడువీయవలెను. సన్నిధిలోపమువలన పుట్టిన మాటను కథకునికి గాక కథను పంచినవారికి అప్పగింపవలెను. యోగ్యతాలోపమును చూపిన మాటకు మాత్రము గడువు అక్కఱలేదు. తొలిదినమున పలికినను, పామరుడు పలికినను అది విమర్శయే. పండితులు పదేండ్లకు చెప్పబోవు మాటను అట్టి ప్రేక్షకుడు ఒక్కొక్కప్పుడు ప్రదర్శనశాల వాకిటనే చెప్పియుండును. దానిని తేదితో సహా వ్రాసియుంచుట పరిశోధకుల విధి.